పూలు రాలిన ఆర్కిడ్ చనిపోయినట్టు కాదు

గృహప్రవేశానికో, పుట్టినరోజుకో కానుకగా ఒక ఆర్కిడ్ కుండీ ఇంటికి వస్తుంది. నాలుగైదు దళసరి ఆకులు, వాటి నడుమ నుంచి విల్లులా వంగిన సన్నని కాడ, ఆ కాడకు వరసగా తెల్లనివో వంకాయరంగువో పూలు. రెండు మూడు నెలలు అవి వాడకుండా నిలుస్తాయి. చూడటానికి వచ్చినవాళ్లు ప్లాస్టిక్ పూలేమోనని తాకి మరీ చూస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కటే రాలిపోతాయి. ఎండిన కాడను చూసి ఇంట్లోవాళ్లు కంగారుపడి ఇంకాస్త నీళ్లు పోస్తారు. కొద్ది వారాల్లో ఆకులు మెత్తబడి, పసుపెక్కి వాలిపోతాయి. కుండీ చెత్తబండి ఎక్కుతుంది.

నిజానికి పూలు రాలిన రోజున ఆ మొక్క ఆరోగ్యంగానే ఉంది. దాన్ని చంపింది ఆ తర్వాత పోసిన నీళ్లు. బాగా చూసుకుంటే మాత్ ఆర్కిడ్ ఏళ్ల తరబడి బతుకుతుంది, దాదాపు ఏటా పూస్తుంది. అందుకు ఖరీదైన గ్రీన్‌హౌస్ అక్కర్లేదు. అది అడవిలో ఎలా బతుకుతుందో తెలిస్తే చాలు.

బదనిక కాదు, అద్దె అడగని అతిథి

మాత్ ఆర్కిడ్ శాస్త్రీయ నామం ఫెలనాప్సిస్. గ్రీకు భాషలో ఫెలైనా అంటే శలభం, ఆప్సిస్ అంటే రూపం. విప్పారిన పూరేకులు రెక్కలు చాచిన శలభంలా కనిపిస్తాయి కాబట్టి వృక్ష శాస్త్రవేత్త కార్ల్ లుడ్‌విగ్ బ్లూమ్ 1825లో ఈ పేరు పెట్టారు. భారత ఉపఖండం నుంచి ఆగ్నేయాసియా మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా వరకు దీని జాతులు విస్తరించి ఉన్నాయి. తెల్లని పూల ఫెలనాప్సిస్ అమాబిలిస్ ఇండోనేషియా జాతీయ పుష్పాల్లో ఒకటి. మన ఈశాన్య రాష్ట్రాల్లో ఫెలనాప్సిస్ మన్నియై వంటి జాతులున్నాయి. చిన్న పూల ఫెలనాప్సిస్ డెలిసియోసా పశ్చిమ కనుమల్లోనూ కనిపిస్తుంది.

ఇవి నేలలో కాకుండా చెట్ల కొమ్మల మీద పెరుగుతాయి. మన పల్లెల్లో చెట్టు మీద మొలిచిన ప్రతి మొక్కనూ బదనిక అనడం అలవాటు. అసలు బదనిక తన వేళ్లను చెట్టు కండలోకి దించి నీటిని, లవణాలను లాక్కుంటుంది. ఆర్కిడ్ అలా చేయదు. చెట్టును కూర్చోవడానికి పీటగా మాత్రమే వాడుకుంటుంది. వాన నీళ్లు, మంచు, బెరడు పగుళ్లలో చేరిన ఆకుల కుళ్లు, పక్షుల రెట్టలు దాని ఆహారానికి ఆధారం.

ఈ జీవితానికి తగినట్టే దాని వేళ్లుంటాయి. వేరు చుట్టూ వెలామెన్ అనే స్పాంజి వంటి పొర ఉంటుంది. ఇది చనిపోయిన కణాలతో ఏర్పడినది. వాన జల్లు పడగానే తడిని పీల్చుకుంటుంది, గాలి తగిలితే ఆరిపోతుంది. పొడిగా ఉన్నప్పుడు కణాల నిండా గాలి ఉంటుంది కాబట్టి వేరు వెండిరంగులో కనిపిస్తుంది. తడిసినప్పుడు ఆ పొర పారదర్శకమై, లోపలి పత్రహరితం బయటపడి వేరు పచ్చగా మారుతుంది. ఈ మొక్క వేళ్లు కూడా వెలుతురులో కిరణజన్య సంయోగక్రియ జరపగలవు. అందుకే చాలామంది దీన్ని పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీలో పెంచుతారు. కుండీ బయటికి వేలాడే వేళ్లను కత్తిరించకూడదు. అవి దారి తప్పిన వేళ్లు కావు, వాటికి సహజమైన చోటు గాలే.

నీళ్లు ఎప్పుడు పోయాలి?

దీనికి క్యాలెండర్ కంటే వేళ్ల రంగు మంచి గురువు. వేళ్లు పచ్చగా ఉంటే నీళ్లు అక్కర్లేదు. వెండిరంగుకు తిరిగితే పోయాలి. మన వాతావరణంలో ఎండాకాలంలో మూడు నాలుగు రోజులకోసారి, వానాకాలంలో, చలికాలంలో వారం పది రోజులకోసారి అవసరం పడవచ్చు. కుండీలో ఏం నింపారు, గది ఎంత పొడిగా ఉంది అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది.

పోసేటప్పుడు చెంచాలతో కాకుండా, అడుగు రంధ్రాల నుంచి ధారగా కారేదాకా పోసి, పూర్తిగా ఒడిసిపోనివ్వాలి. కానుకగా వచ్చే మొక్కలతో ఒక చిక్కుంది. లోపలి ప్లాస్టిక్ కుండీకి రంధ్రాలున్నా, అందం కోసం దాన్ని రంధ్రం లేని పింగాణీ కుండీలో దింపుతారు. నీళ్లు అడుగున నిలిచి వేళ్లకు గాలి ఆడదు. ఊపిరి అందని వేరు కుళ్లిపోతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నీళ్లు చాలకపోయినా ఆకులు వాలిపోతాయి, నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లినా వాలిపోతాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు కాబట్టి చుట్టూ నీళ్లున్నా మొక్క దాహంతోనే ఉంటుంది. వాలిన ఆకును చూసి నీళ్లు పోసే ముందు కుండీలోంచి మొక్కను మెల్లగా తీసి చూడాలి. గట్టిగా ఉన్న వేళ్లు బతికున్నట్టు. నొక్కితే చితికి, లోపలి దారం మాత్రమే మిగిలేవి చచ్చిపోయినట్టు. వాటిని శుభ్రమైన బ్లేడుతో కోసి, మిగిలిన వేళ్లను కొత్త బెరడులో నాటితే మొక్క కోలుకునే అవకాశం ఉంది.

మరో జాగ్రత్త మొవ్వు విషయంలో. ఆకులన్నీ కలిసే నడిమి గుంటలో నీళ్లు నిలిస్తే, కొబ్బరిచెట్టుకు వచ్చినట్టే మొవ్వు కుళ్లు వస్తుంది. ఈ మొక్కకు పెరిగే మొన సాధారణంగా ఒక్కటే. అది పోతే మొక్క పోయినట్టే అనుకోవచ్చు. అందుకే పొద్దుటిపూటే నీళ్లు పోయాలి. పొరపాటున మొవ్వులో పడితే దూదితోనో కాగితంతోనో అద్దేయాలి.

రాత్రి తెరుచుకునే ఆకులు

చాలా మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటాయి. ఆ క్రమంలో నీరు ఆవిరై పోతుంది. వాన ఆగితే గుక్కెడు నీళ్లు దొరకని కొమ్మ మీద ఆ ఖర్చు భరించడం కష్టం. అందుకే ఫెలనాప్సిస్ ప్రధానంగా రాత్రి చల్లబడ్డాక పత్రరంధ్రాలు తెరుస్తుంది. లోపలికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. పగలు రంధ్రాలు మూసుకుని, ఆ నిల్వను సూర్యకాంతితో చక్కెరగా మారుస్తుంది. కలబంద, అనాస, బ్రహ్మజెముడు కూడా పాటించే ఈ పద్ధతిని క్యామ్ అంటారు. ఫెలనాప్సిస్ ఈక్వెస్ట్రిస్ జన్యుక్రమాన్ని శాస్త్రవేత్తలు 2014లో ప్రకటించారు. ఆర్కిడ్లలోనే కాదు, క్యామ్ మొక్కల్లో కూడా పూర్తి జన్యుక్రమం వెలువడిన మొదటిది అదే.

దీన్ని పట్టుకునే, పడకగదిలో ఆర్కిడ్ పెడితే రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందనే ప్రచారం పుట్టింది. అది నిజం కాదు. ఆక్సిజన్ విడుదల కావాలంటే వెలుతురు ఉండాలి. రాత్రి ఈ మొక్క కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటుంది తప్ప ఆక్సిజన్‌ను తయారు చేయదు. ఒక కుండీ వల్ల గది గాలిలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాదు.

వెలుతురు ఎంత?

అడవిలో ఇది చెట్ల ఆకుల నీడలో పెరుగుతుంది. కాబట్టి తూర్పు కిటికీ దగ్గర లేత ఎండ దీనికి సరిపోతుంది. పడమటి ఎండ పడే చోట పల్చటి తెర కట్టాలి. చిన్న పరీక్ష ఒకటుంది. మధ్యాహ్నం పూట ఆకుకు ఒక అడుగు ఎత్తున చేయి పెట్టి చూడాలి. నీడ అంచులు మసకగా ఉంటే వెలుతురు సరిగ్గా ఉంది. నీడ కత్తిరించినట్టు స్పష్టంగా ఉంటే ఎండ ఎక్కువ. నీడే పడకపోతే వెలుతురు చాలదు. ఆకులు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతుంటే సంతోషించనక్కర్లేదు, అది చీకటి ఎక్కువైందనడానికి గుర్తు. ఆరోగ్యమైన ఆకు కాస్త లేతాకుపచ్చగా ఉంటుంది.

ఆకులున్నాయి, పూలెందుకు రావు?

మన ప్రాంతంలో మొక్కను బతికించుకున్నవాళ్లు కూడా ఓడిపోయేది ఈ దగ్గరే. ఏళ్లు గడిచినా కొత్త ఆకులు వస్తాయి గానీ పూలకాడ రాదు. కారణం వేడి.

ఫెలనాప్సిస్ పూలకాడ వేయాలంటే కొన్ని వారాల పాటు చల్లదనం కావాలి. పగటికీ రాత్రికీ మధ్య ఉష్ణోగ్రతలో తేడా ఉంటే చాలని తోటపని చేసేవాళ్లలో చాలాకాలంగా నమ్మకం ఉంది. అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన మాథ్యూ బ్లాంచర్డ్, ఎరిక్ రంకిల్ దీన్ని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. పగలు 29 డిగ్రీలున్నప్పుడు, రాత్రి 17 డిగ్రీలకు దించినా 20 వారాల్లో ఒక్క మొక్కా పూలకాడ వేయలేదు. పగలు 23, రాత్రి 17 డిగ్రీల్లో ఉంచినవాటిలో మాత్రం అత్యధికం వేశాయి. అంటే పూత నిర్ణయమయ్యేది పగటి ఉష్ణోగ్రతను బట్టి.

మనకు ఇది చాలా ముఖ్యమైన సంగతి. డిసెంబరులో హైదరాబాద్ రాత్రులు చల్లగానే ఉన్నా, పగలు బయట 28 డిగ్రీల దాకా వెళుతుంది. విజయవాడలో ఇంకాస్త ఎక్కువే. కాబట్టి చలి తగలాలని కుండీని డాబా మీద పెడితే రాత్రి దొరికిన చల్లదనాన్ని పగటి వేడి చెడగొడుతుంది. నవంబరు నుంచి జనవరి చివరి దాకా ఇంట్లో పగలు అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో, వెలుతురు తగిలే కిటికీ దగ్గర ఉంచడం మేలు. పగలు ఏసీ నడిచే ఆఫీసు గది కూడా పనికొస్తుంది, చల్లగాలి సూటిగా మొక్కను తాకకపోతే చాలు. బెంగళూరు ఇళ్లలో, అరకు వంటి కొండ ప్రాంతాల్లో ఈ కష్టం తక్కువ.

ఆకు కింద నుంచి కొత్తగా ఏదో పొడుచుకొస్తే అది వేరో పూలకాడో గుర్తించవచ్చు. వేరు కొన గుండ్రంగా, నునుపుగా ఉంటుంది. పూలకాడ కొన చేతికి తొడిగే పిల్లల గ్లౌజులా కాస్త చదునుగా ఉండి పైకి చూస్తుంది. అక్కడి నుంచి పూలు విచ్చడానికి మూడు నెలలకు అటూ ఇటూగా పడుతుంది.

మామిడిపండ్ల బుట్ట పక్కన వద్దు

కొన్నిసార్లు మొగ్గలు విచ్చకుండానే పసుపెక్కి రాలిపోతాయి. చోటు ఒక్కసారిగా మార్చడం, వడగాలి, నీళ్ల ఎద్దడి ఇందుకు కారణాలు. మరో కారణం ఇథిలీన్ వాయువు. మాగుతున్న పండ్లు దీన్ని విడుదల చేస్తాయి. ఫెలనాప్సిస్ పూలు ఈ వాయువుకు త్వరగా లొంగిపోతాయి. పూత మన మామిడిపండ్ల కాలం దాకా నిలిస్తే, బల్ల మీద పండ్ల బుట్టకు పక్కనే ఆ కుండీ ఉండకుండా చూసుకోవాలి. అరటిగెల కూడా అంతే.

పూలన్నీ రాలాక కాడ పచ్చగా ఉంటే, కింది నుంచి రెండో మూడో కణుపుకు పైన కోయవచ్చు. ఒక్కోసారి ఆ కణుపు నుంచి మరో కొమ్మ వేసి పూస్తుంది. మొక్క నీరసంగా ఉంటే కాడను మొదలంటా తీసేసి విశ్రాంతి ఇవ్వడం మంచిది. కాడ ఎండితే ఎలాగూ తీసేయాలి. బ్లేడును మంట మీద కాల్చి వాడాలి, ఎందుకంటే ఆర్కిడ్ వైరస్‌లు పనిముట్ల ద్వారానే ఒక మొక్క నుంచి మరోదానికి పాకుతాయి. వాటికి మందు లేదు.

మట్టి వద్దు, బోరు నీళ్లతో జాగ్రత్త

ఈ మొక్కను తోట మట్టిలో గానీ కొబ్బరి పొట్టులో గానీ నాటకూడదు. పైన్ బెరడు, బొగ్గు, కొబ్బరి డొక్క ముక్కలు కలిపి వాడవచ్చు. కొబ్బరి ముక్కల్లో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు నానబెట్టి కడగాలి. రెండేళ్లకోసారి, పూలు రాలాక, పాత బెరడు చివికిపోక ముందే కుండీ మార్చాలి. కొత్త కుండీ పాతదానికన్నా కొంచెం పెద్దదైతే చాలు.

తెలుగు రాష్ట్రాల్లో చాలా చోట్ల బోరు నీటిలో లవణాలు ఎక్కువ. అవి బెరడు మీద తెల్లగా పేరుకుని వేరు కొనలను మాడుస్తాయి. వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే అంతకు మించింది లేదు. లేదంటే శుద్ధి చేసిన నీళ్లు వాడాలి. ఎరువు కూడా ఉప్పే కాబట్టి, డబ్బా మీద రాసిన మోతాదులో నాలుగో వంతే కలిపి, పెరిగే కాలంలో వారం పది రోజులకోసారి ఇస్తే సరిపోతుంది. నెలకోసారి ఒట్టి నీళ్లతో కుండీని బాగా కడగాలి. ఆకుల సందుల్లో పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయవచ్చు.

అడవి నుంచి తేవద్దు

ఆర్కిడ్ విత్తనం ధూళిలా సన్నగా ఉంటుంది, దానిలో నిల్వ ఆహారం దాదాపు ఉండదు. అడవిలో ఒక శిలీంధ్రం తోడైతేనే మొలుస్తుంది. శిలీంధ్రం లేకుండా చక్కెర కలిపిన మాధ్యమంలో మొలిపించవచ్చని లూయిస్ నడ్సన్ 1922లో చూపించారు. తర్వాత కణజాల వర్ధనం వచ్చింది. ఒకప్పుడు సంపన్నుల అద్దాల మేడల్లోనే కనిపించిన పువ్వు ఈ రోజు వీధి చివరి నర్సరీకి చేరిందంటే కారణం అదే.

భారత బొటానికల్ సర్వే 2019లో వెలువరించిన లెక్క ప్రకారం దేశంలో 1,256 ఆర్కిడ్ జాతులున్నాయి. వాటిలో 388 మన దేశంలో తప్ప మరెక్కడా లేవు. అడవులు తరిగిపోవడంతో పాటు, మొక్కలను పెకలించి అమ్మడం కూడా వీటికి ముప్పు. నర్సరీలో పుట్టిన సంకర జాతి కుండీకి అలవాటుపడుతుంది. కొమ్మ నుంచి ఊడదీసిన అడవి మొక్క చాలాసార్లు ఇంట్లో బతకదు, అడవిలోనూ ఉండదు.

అందువల్ల పూలు రాలిన కుండీని పారేసే ముందు ఒకసారి ఆకులు పట్టుకుని చూడాలి. గట్టిగా ఉంటే, వేళ్లు నీళ్లు పడగానే పచ్చబడితే, ఆ మొక్క బతికే ఉంది. తూర్పు కిటికీ, ఆరనిచ్చి పోసే నీళ్లు, చలికాలంలో చల్లని పగళ్లు దొరికితే, మళ్లీ ఒక ఉదయం ఆకు కింద నుంచి ఆకుపచ్చని మొన తొంగి చూస్తుంది.