ఆగితే సంపాదించే బండి

బండి కొన్న మొదటి వారం. రైలు గేటు పడింది. ముందు బొగ్గు లారీ, వెనక ఆర్టీసీ బస్సు, మధ్యలో మేం ఆరుగురం. బ్రేకు మీద కాలు పెట్టగానే ఇంజను ఆగిపోయింది, ఏసీ గాలి మాత్రం చల్లగా వస్తూనే ఉంది. రెండో వరుసలో కూర్చున్న బాపు ముందుకు వంగి, "బండి బందయిందా బిడ్డా?" అని అడిగాడు.

"బంద్ కాలే బాపు. ఆగినప్పుడు ఇట్లనే ఉంటది. ఊరికే పెట్రోలు తాగదు."

"మరి మళ్ల కదిలేటప్పుడు?"

"కరెంటుతోని కదుల్తది. ఇప్పుడు బ్రేకు కొట్టినం చూడు, ఆ జోరంతా బ్యాటరీల దాసుకున్నది."

బాపు కాసేపు మాట్లాడలేదు. సింగరేణి బొగ్గుబాయిలో కేజ్‌ను దించి లేపే వైండింగ్ ఇంజను మీద పనిచేసి దిగిపోయిన మనిషి. గేటు లేచేలోపు ఆయనే అన్నాడు: "అంటే మా కేజ్ లెక్కనే."

హైబ్రిడ్ కారు గురించి నేను చదివిన వాటన్నిటికంటే ఆ ఒక్క మాట మేలు. నిట్టనిలువు షాఫ్టు ఉన్న బాయిల్లో మనుషుల్ని దించి లేపే లిఫ్టు లాంటిదే కేజ్. ఒక కేజ్ దిగుతుంటే ఇంకోటి పైకొస్తుంది. దిగే కేజ్ బరువే ఎక్కే కేజ్‌ను లేపుతుంది, ఇంజను లాగాల్సింది ఆ రెండింటి మధ్య తేడాను. కేజ్ ఒక్కటే ఉండి, దిగేటప్పుడు దాన్ని బ్రేకుతో పట్టి ఆపుతూ, ఎక్కేటప్పుడు మొత్తం బరువును మళ్లీ మొదటి నుంచి లాగితే ఎంత దండగో బాపుకు తెలుసు. మన మామూలు కార్లు నూరేళ్లుగా ఆ దండగే చేస్తున్నాయి.

దండగ ఎంతో లెక్క కట్టవచ్చు. బండి, అందులో మనుషులు, సామాను కలిపి రెండు టన్నులు అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దానికున్న గతిశక్తి దాదాపు 2,78,000 జౌళ్లు. ఇంటి మీటరు లెక్కలో 0.077 యూనిట్లు. వినడానికి చిన్నదే. కానీ పెట్రోలులోని శక్తిలో ఊరి రోడ్ల మీద పావు వంతే చక్రాల దాకా చేరుతుందనుకుంటే, ఆ జోరు తెచ్చుకోవడానికి 30 మిల్లీలీటర్లకు పైనే కాల్చాలి. సగం కప్పు చాయంత. బ్రేకు కొట్టిన ప్రతిసారీ ఆ సగం కప్పు బ్రేకు డిస్కుల మీద వేడిగా మారి గాలిలో కలుస్తుంది. మా రామకృష్ణాపూర్ నుంచి మంచిర్యాల దాకా స్పీడ్ బ్రేకర్లు, బర్రెలు, షిఫ్టు వదిలినప్పుడు గుంపుగా వచ్చే మోటారుసైకిళ్లు, గేట్లు లెక్కపెట్టుకుంటూ పోతే రోజుకు ఎన్ని కప్పులు పారబోస్తామో అర్థమవుతుంది.

హైబ్రిడ్ ఈ పారబోతలో కొంత వెనక్కి పట్టుకుంటుంది. బ్రేకు నొక్కగానే ముందుగా పనిచేసేది డిస్కులు కావు. చక్రాలు మోటారును తిప్పుతాయి, మోటారు జనరేటరుగా మారి బ్యాటరీకి కరెంటు పంపుతుంది, ఆ పంపడంలోనే బండి నెమ్మదిస్తుంది. మనం ఇంకా గట్టిగా నొక్కితేనో, పూర్తిగా ఆగబోయే ముందో మామూలు బ్రేకులు కలుస్తాయి. జోరంతా తిరిగి రాదు. మార్పు జరిగిన ప్రతిచోటా కొంత వేడిగా పోతుంది. అయినా చేతికొచ్చేది తక్కువేం కాదు.

ఇది కొత్త ఆలోచన అనుకునేవాణ్ని. కాదు. 1900లో వియన్నాలో బగ్గీలు తయారుచేసే లోనర్ సంస్థలో ఫెర్డినాండ్ పోర్షా అనే పాతికేళ్ల యువకుడు చక్రాల్లోనే కరెంటు మోటార్లు పెట్టి కారు చేశాడు. సీసపు బ్యాటరీల బరువు మోయలేక, దానికే చిన్న పెట్రోలు ఇంజన్లు, జనరేటర్లు బిగించాడు. ఆ బండికి పెట్టిన పేరు ‘సెంపర్ వివస్’, లాటిన్‌లో ‘ఎప్పుడూ సజీవం’ అని అర్థం. ఆలోచన సజీవమే కానీ బండి ఖరీదైనది, బరువైనది. ఈలోగా 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన కరెంటు స్టార్టరు వచ్చింది. హ్యాండిల్ తిప్పి చెయ్యి విరగ్గొట్టుకునే బాధ తప్పింది, పెట్రోలు కారు గెలిచింది. కరెంటు మోటారు చిన్న నౌకరీకి కుదిరింది: ఇంజనును లేపి తాను పడుకోవడం. ఎనభై ఏళ్లకు పైగా అదే నౌకరీ.

కారులో పడుకున్న ఆ ఆలోచన రైలులో మాత్రం మేలుకునే ఉంది. రవీంద్రఖని స్టేషను మీదుగా బొగ్గు వ్యాగన్లు లాగే డీజిల్ ఇంజన్లను చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశామో! వాటిలోని డీజిల్ ఇంజను చక్రాన్ని ముట్టుకోదు. కరెంటు పుట్టిస్తుంది, చక్రాలను తిప్పేది మోటార్లు. అయితే ఆ కరెంటును దాచుకునే చోటు లేదు. దిగుడులో మోటార్లతోనే బ్రేకు వేసినా, పుట్టిన కరెంటును పైకప్పులోని ఇనుప తీగచుట్టల్లో వేడి చేసి వదిలేయడమే. తర్వాత వచ్చిన డబ్ల్యూఏజీ-9 లాంటి కరెంటు ఇంజన్లు ఆ శక్తిని పైనున్న తీగలోకే తిప్పి పంపుతాయి, అదే తీగ మీద నడిచే ఇంకో రైలు వాడుకుంటుంది. కారుకు తీగ లేదు. కాబట్టి దానికి కావలసింది చటుక్కున నింపుకుని చటుక్కున ఇచ్చే, వేల సార్లు అలా చేసినా అలసిపోని బ్యాటరీ.

ఆ బ్యాటరీ కథలో నాకు ఇష్టమైన మనిషి స్టాన్‌ఫోర్డ్ ఒవ్‌షిన్‌స్కీ. అమెరికాలోని ఆక్రన్‌లో పాత ఇనుము ఏరి అమ్ముకునే తండ్రికి 1922లో పుట్టాడు. కాలేజీ ముఖం చూడలేదు. వర్క్‌షాపులో పనిముట్లు తయారుచేస్తూ, లైబ్రరీ పుస్తకాలతో సొంతంగా పదార్థశాస్త్రం నేర్చుకున్నాడు. పక్కాగా వాడుకోదగిన నికెల్-మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ 1980ల్లో ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది. నీటి ద్రావణంలోని హైడ్రోజన్‌ను లోహపు మిశ్రమంలో ఇముడ్చుకుని, అవసరమైనప్పుడు వదలడం దాని కిటుకు. బాయి వర్క్‌షాపులో ఫిట్టర్లుగా జీవితం గడిపినవాళ్లు మా కాలనీ నిండా ఉన్నారు. వాళ్లకు ఈ కథ చెప్పాలని నా కోరిక.

1993లో టయోటా సంస్థ రాబోయే శతాబ్దానికి కారు ఎలా ఉండాలని ఒక బృందాన్ని కూర్చోబెట్టింది. ఆ బృందానికి పెద్ద తకేషి ఉచియమద. 1995 చివర్లో తయారైన మొదటి నమూనా 49 రోజులు కదల్లేదు. ఏ భాగంలో లోపమో తెలియదు, వెతుకుతూనే ఉన్నారు. చివరికి కదిలి 500 మీటర్లు పోయి ఆగింది. అక్కడి నుంచి రెండేళ్లలో, 1997 డిసెంబరులో, ప్రియస్ జపాన్ రోడ్ల మీదికి వచ్చింది.

అందులో నన్ను ఆశ్చర్యపరిచేది బ్యాటరీ కాదు, గేరు. మధ్యలో ఒక గేరు, దాని చుట్టూ తిరిగే చిన్న గేర్లు, వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్లున్న కడియం. ఇంజను చిన్న గేర్లను మోసే చట్రాన్ని తిప్పుతుంది. మధ్య గేరుకు ఒక జనరేటరు, కడియానికి చక్రాలు, ఇంకో మోటారు. తొలి ప్రియస్‌లో కడియానికి 78 పళ్లు, మధ్య గేరుకు 30. అందుకే ఇంజను తిప్పుడు బలంలో 72 శాతం చక్రాల వైపు, 28 శాతం జనరేటరు వైపు పంచుకుపోతుంది. క్లచ్చు లేదు, మార్చాల్సిన గేర్లు లేవు. జనరేటరు వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోతే, చక్రం ఏ వేగంలో ఉన్నా ఇంజను తనకు నప్పిన వేగంలోనే తిరుగుతుంది. కదిలే భాగాలు ఇంత తక్కువ ఉండటమే ఆ గేరు పెట్టెలు లక్షల కిలోమీటర్లు నిలవడానికి కారణమని నా నమ్మకం.

ఇంటిల్లిపాదీ పట్టే బండిగా హైబ్రిడ్ మన దగ్గరికి రావడానికి చాలా కాలం పట్టింది. 2010లో ప్రియస్ వచ్చినా దాని ధర మన అందుబాటులో లేదు. 2022 నవంబరులో ఇన్నోవా హైక్రాస్ వచ్చాకే బొగ్గుబాయి ఊళ్లలో ‘హైబ్రిడ్’ అనే మాట నోళ్లలో నానింది. రెండు లీటర్ల పెట్రోలు ఇంజను, 168 సెల్లుల నికెల్ బ్యాటరీ, పరీక్షలో లీటరుకు 23.24 కిలోమీటర్లు. ఒక్క జాగ్రత్త: కారు వెనక ‘స్మార్ట్ హైబ్రిడ్’ అని రాసి ఉన్నంత మాత్రాన అది ఇలాంటి హైబ్రిడ్ కాదు. అలాంటి వాటిలో మోటారు ఇంజనుకు చెయ్యి అందిస్తుందే కానీ బండిని ఒంటరిగా నడపదు. షోరూములో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇంజను ఆగి ఉండగా ఈ బండి కదులుతుందా?

మా బండిలో బ్యాటరీ మొత్తం నింపినా రెండు యూనిట్లు కూడా పట్టదు. "ఛార్జింగ్ ఎక్కడ పెడతవ్?" అని అడగని మనిషి లేడు. ఎక్కడా పెట్టం, ప్లగ్గే లేదు. కరెంటంతా బ్రేకు నుంచీ ఇంజను నుంచీ వచ్చేదే. "బొగ్గు ఊరిలో ఉండి పూరా కరెంటు బండి కొనక ఇదేంది?" అని కూడా అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మంచిర్యాల దగ్గరి జైపూర్‌లో సింగరేణి సొంత థర్మల్ కేంద్రమే 1200 మెగావాట్లు. పైగా తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు దాకా పూర్తి విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను లేదు, హైబ్రిడ్‌కు ఆ మినహాయింపు దక్కలేదు. పన్ను పూర్తిగా కట్టాల్సిందే. ఉత్తరప్రదేశ్‌లో 2024 జులైలో హైబ్రిడ్‌కూ రిజిస్ట్రేషన్ పన్ను ఎత్తేశారు. ఇక్కడా అలా చేయడం సబబని నేననుకుంటాను. మేం విద్యుత్ కారు తీసుకోకపోవడానికి కారణం మాత్రం చిన్నది: కంపెనీ క్వార్టర్‌లో కారు నిలిపే చోటికి వైరు లాగే వీలు లేదు.

డబ్బు లెక్క దాచకుండా చెప్పాలి. పెట్రోలు రకానికీ హైబ్రిడ్ రకానికీ తేడా ఐదు లక్షలు అనుకుందాం. మొదటిది లీటరుకు 11 కిలోమీటర్లు, రెండోది 17 ఇస్తుందనుకుంటే, ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగే ఇంట్లో మిగిలేది 480 లీటర్లు. లీటరు 107 రూపాయలనుకుంటే యాభై ఒక్క వేల చిల్లర. ఐదు లక్షలు తిరిగి రావడానికి పదేళ్లకు కాస్త తక్కువ. అదే బండి కిరాయికి తిరుగుతూ ఏడాదికి 40,000 నడిస్తే నాలుగేళ్ల లోపే వస్తుంది. కాబట్టి ఆదా కోసమని ఎవరైనా నన్ను అడిగితే, ముందు మీ ఓడోమీటరు చూపించండి అంటాను.

రాజీవ్ రహదారి ఎక్కి హైదరాబాద్ పోయేటప్పుడు దీని గొప్పతనం తగ్గుతుంది. వందకు పైన ఒకే వేగంతో పోతుంటే గాలిని చీల్చడానికే శక్తి ఖర్చవుతుంది. ఆగడం లేదు కనుక తిరిగి దొరికేదీ లేదు. అందరం ఎక్కి ఓవర్‌టేక్ చేయబోతే ఇంజను ఒక్కసారిగా గోలపెడుతుంది, బండి వేగం మాత్రం నెమ్మదిగా పెరుగుతుంది. గేర్లు మార్చుకుంటూ నడిపిన చెవికి ఇది అలవాటు కావడానికి నాకు మూడు నెలలు పట్టింది. మూడో వరుసలో మనుషులు కూర్చుంటే సామానుకు చోటు ఉండదు. పెళ్లికి పోయేటప్పుడు బ్యాగులు మా ఒళ్లోనే.

కుంటాల జలపాతం చూసి వస్తూ మహబూబ్ ఘాట్ దిగినప్పుడు ఇంకో సంగతి నేర్చుకున్నాను. రెండు టన్నుల బండి వంద మీటర్ల ఎత్తు దిగితే అర యూనిట్‌కు పైగా శక్తి వస్తుంది. ఆయుష్షు పెరగాలని ఈ బ్యాటరీని పూర్తిగా నింపరు, పూర్తిగా ఖాళీ చేయరు, నడిమి భాగమే వాడతారు. సగం ఘాట్‌లోనే అది నిండిపోయింది. ఆ తర్వాత దాచుకోవడానికి చోటు లేక, బండే ఇంజనును ఊరికే తిప్పుతూ వేగాన్ని పట్టి ఉంచింది. పెట్రోలు కాలకుండానే ఇంజను అరుస్తుంటే అమ్మ భయపడింది. అలాంటి దిగుళ్లలో గేరు మీటను ముందుగానే ఇంజనుతో వేగాన్ని పట్టి ఉంచే స్థానంలో పెట్టుకోవాలని ఇప్పుడు తెలుసు.

వారం పది రోజులు బండి తీయకుండా ఉంచితే ఇంకో చిక్కు. లోపల రెండు వందల వోల్టుల బ్యాటరీ బాగానే ఉన్నా, దాన్ని మేల్కొలిపేది మామూలు చిన్న 12 వోల్టుల బ్యాటరీయే. అది చచ్చిపోతే బండి తలుపు కూడా సరిగా తెరుచుకోదు. మేం ఊరెళ్లి వచ్చినప్పుడు ఒకసారి అలాగే జరిగింది. సందు చివరి మెకానిక్ బానెట్ ఎత్తి, నారింజ రంగు తొడుగున్న వైర్లు చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. మంచి పనే చేశాడు, ఆ రంగున్న వైర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి ఉంటుంది. కానీ ఎన్నో ఏళ్లుగా మా ఇంటి బండ్లన్నీ బాగుచేసిన మనిషికి ఇందులో పని లేకపోవడం నాకు బాధే.

ఇక నిశ్శబ్దం. తెల్లవారి మొదటి షిఫ్టుకు పోయేటప్పుడు కాలనీ సందులో ఎవరి నిద్రా చెడదు. అదే నిశ్శబ్దంతో ఆడుకునే పిల్లల వెనక్కి చేరితే వాళ్లకు తెలియదు. సందులోకి తిరిగేటప్పుడు అద్దం దించి, నడక వేగంలోనే పోవడం అలవాటు చేసుకున్నాను. బర్రెలైతే అసలు జరగవు. బ్రేకు ప్యాడ్లు మాత్రం ఇంకా కొత్తవాటిలా ఉన్నాయి. నేల ఎత్తు తక్కువ కావడంతో మోకాళ్ల నొప్పులున్న అమ్మ పాత జీపులాంటి బండిలోకి ఎక్కినంత కష్టపడదు. నాకు అన్నిటికంటే ఎక్కువైన లాభం అదే.

కొన్నప్పుడు ఎవరూ చెప్పని ఇంకో సంగతి, మా ఊరికే ప్రత్యేకం. బ్యాటరీ సీట్ల కింద ఉంటుంది. దాన్ని చల్లబరిచేది మనం కూర్చునే చోటి గాలే, దానికి సీటు పక్కన చిన్న జాలీ, లోపల వడపోత. ఆ దారి మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కుతుంది, బండి దాన్ని కాపాడుకోవడానికి తక్కువ వాడుకుంటుంది, మైలేజి పడిపోతుంది. పుస్తకంలో ఉన్న గడువు శుభ్రమైన ఊళ్ల కోసం రాసింది. ఇక్కడ బొగ్గును పగలగొట్టి నింపే సీహెచ్‌పీ, ఓపెన్‌కాస్టు గని, టార్పాలిన్ సరిగా కట్టని లారీలు. నాలుగో నెలలోనే మైలేజి తగ్గిందని జాలీ విప్పాను. వడపోత నల్లగా ఉంది. తట్టితే పొడి రాలింది. బాపు వేలితో ముట్టుకుని, బొటనవేలితో నలిపి చూశాడు.

"ఇది బాయిల దుమ్ము కాదురా, ఇంట్ల దుమ్మే," అన్నాడు. "బాయిల ఇంకా సన్నగుండేది."

ఇప్పుడు రెండు నెలలకొకసారి ఆదివారం పొద్దున ఆయనే మెత్తటి బ్రష్షు పట్టుకుని ఆ వడపోత దులుపుతాడు. మూతికి గుడ్డ కట్టుకోమంటే ఈ ఒక్క పనికి కట్టుకుంటాడు.