మౌనం అంగీకారమేనా?

నికాహ్‌కు ముందు వకీలు, ఇద్దరు సాక్షులు పెళ్లికూతురి దగ్గరికి వెళ్లి, వరుడి పేరు, మహర్ మొత్తం చెప్పి సమ్మతి అడగడం మనందరికీ తెలిసిందే. చాలా ఇళ్లలో అమ్మాయి తలవంచుకుని ఉంటుంది. పక్కనున్న ఆడవాళ్లు 'ఒప్పుకుంది' అంటారు. సంతకం అయిపోతుంది.

కన్య మౌనమే ఆమె అనుమతి అన్న హదీసు ఉంది. కన్యలు సిగ్గుపడతారు కదా అని హజ్రత్ ఆయిషా (రజి) అడిగినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఇచ్చిన జవాబు అది. ఆ వెసులుబాటు సిగ్గరి పిల్ల కోసం. భయపడ్డ పిల్ల సంగతి వేరు. తనకిష్టం లేకుండా తండ్రి పెళ్లి చేశాడని హజ్రత్ ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి) వచ్చి చెప్పుకుంటే ఆ నికాహ్‌నే రద్దు చేశారని బుఖారీలో ఉంది.

1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో పదేళ్ల పిల్ల ఒకటి ఏడుస్తూ కూర్చుంది. పక్కన ఆమెను పెళ్లాడిన అరవై ఏళ్ల సౌదీ దేశస్థుడు. ఎయిర్‌ హోస్టెస్ ఎందుకేడుస్తున్నావని అడిగింది, పిల్ల చెప్పింది. దేశమంతా తెలిసిన ఆ సంగతిలో మాకు ముఖ్యమనిపించేది ఆ అడగడమే.

భయం మితిమీరితే మనిషి ఎదిరించవచ్చు, పారిపోవచ్చు, లేదా కొయ్యబారిపోవచ్చు. ఏది జరుగుతుందో ఆ మనిషి చేతిలో ఉండదు. గొంతు పెగలదు. ఇలాంటి పెళ్లిళ్ల నుంచి బయటపడి మా కుట్టు కేంద్రానికి వచ్చే అమ్మాయిలు చెప్పేదీ ఇదే. అత్తరు వాసన గుర్తుంటుంది, తారీఖు గుర్తుండదు. నిన్న చెప్పిన వరుస ఇవాళ మారుతుంది. వినేవాళ్లు అబద్ధమనుకుంటారు. గాయపడ్డ జ్ఞాపకం అలా ముక్కలు ముక్కలుగానే నిలుస్తుంది. తలుపు దబ్బున పడితే వణికిపోయే పిల్లలు బడిలోనూ ఉంటారు. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం 'శ్రద్ధ తక్కువ' అని పడుతుంది. 'అప్పుడే ఎందుకు చెప్పలేదు?' అన్న ప్రశ్న ఈ ఆడపిల్లలను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. అడిగేది తరచుగా సొంతవాళ్లే.

చట్టం సంగతి కొంచెం. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల సమ్మతి 2012 నాటి పోక్సో చట్టం ముందు చెల్లదు. భర్త అయినా మినహాయింపు లేదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. పదిహేనేళ్లలోపు పెద్దలు చేసిన పెళ్లిని, కాపురం జరగకపోతే, పద్దెనిమిది నిండేలోపు అమ్మాయి తిరస్కరించవచ్చని 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం చెబుతోంది. ఈ చివరిది తెలిసిన తల్లులు మాకు అరుదుగా కనిపించారు. పిల్లల కోసం ఫోను చేయాల్సిన నంబరు 1098.

పెళ్లి ఖర్చుకు సాయం కోరే కుటుంబాల్లో అమ్మాయితో మా మహిళా సభ్యులు విడిగా, తల్లిదండ్రులు లేనప్పుడు మాట్లాడతారు. వయసు కాగితం చూస్తారు. 'నీకిష్టమేనా' అని నేరుగా అడిగితే తల ఊపేస్తారు, అందుకే 'ఇంకో ఏడాది ఆగితే ఏం చేస్తావు?' అని అడుగుతారు. అక్కడ మాటలు వస్తాయి. ఇలా ఆలస్యమవుతోందని కొందరు దాతలు విసుక్కున్నారు. ఆలస్యమవుతుంది.

సాయం పొందిన అమ్మాయిల ఫొటోలు ఈ సంచికలో ఎందుకు లేవనీ అడిగారు. లైంగిక హింసకు గురైనవారి గుర్తింపు బయటపెట్టడం నేరం, అది ఒక కారణం. రెండోది, కుట్టుమిషను చేతికిస్తూ ఫొటోకు నిలబడమంటే ఏ అమ్మాయి కాదనగలదు? అందుకే మిషన్ల ఫొటోలే వేశాం.