యాభై ఏళ్ళు ఎదురుచూసిన ఇనప పళ్ళెం

మా వరండా తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టినది రాయి కాదు, మా కారు పాత బ్రేకు డిస్కు. మొన్న దసరా సెలవుల్లో ముందు చక్రాలకు డిస్కులు, ప్యాడ్లు, హోస్ పైపులు ఇంట్లోనే మార్చుకున్నాను. పాతవాటిలో ఒకదాన్ని పాత సామాన్ల బండికి వెయ్యబుద్ధి కాలేదు. దాని అంచు మీద వేలు రాస్తే చిన్న గట్టు తగులుతుంది. ప్యాడు ఒరుసుకున్న మేర ఇనుము అరిగి, ఒరుసుకోని అంచు అలాగే నిలబడిపోయింది. ముఖం మీద అక్కడక్కడా నీలం మచ్చలున్నాయి. అవి ఇనుము బాగా కాలినచోట పడేవి. బ్రేకు కథ చెప్పాలంటే ఆ మచ్చల దగ్గరే మొదలుపెట్టాలి.

బ్రేకు చేసే పనల్లా బండి వేగాన్ని వేడిగా మార్చడం. వెయ్యి కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతూ ఒక్కసారి ఆగితే పుట్టే వేడికి లీటరు పైచిలుకు నీళ్ళు తెర్లుతాయి. మరి తిరుమల కొండ దిగేటప్పుడో? దిగుడు సుమారు 700 మీటర్లు. భారమంతా బ్రేకుల మీదే వేస్తే, అలిపిరి చేరేసరికి ఇరవై లీటర్ల నీళ్ళు మరిగేంత వేడి పుడుతుంది. అదంతా ఎప్పటికప్పుడు గాలిలో కలిసిపోవాలి. ఘాట్ రోడ్డు మీద చిన్న గేరులో దిగమనేది ఇందుకే. ఆ భారంలో కొంత ఇంజను మోస్తుంది.

డిస్కు బ్రేకును కొత్త వస్తువనుకుంటాం. నిజానికి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. చక్రంతో పాటు తిరిగే పల్చటి లోహపు పళ్ళెం, దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కే దవడలు. ఆలోచన ఇవాళ్టిదే. దెబ్బతిన్నది పదార్థం దగ్గర. ఆ దవడలకు ఆయన రాగి తొడిగాడు. లోహం మీద లోహం రాసుకుంటే వచ్చే కీచు చప్పుడుకు వీధిలో గుర్రాలే కాదు, కొనేవాళ్ళూ బెదిరారంటే నమ్మొచ్చు. పైగా ఆనాటి రోడ్ల దుమ్ముకు రాగి ఇట్టే అరిగిపోయేది.

సరైన పదార్థం కోసం వెతికినవాడు మరొకడు. డెర్బీషైర్ కొండల్లో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన, వాలు దిగే బండ్లవాళ్ళు చక్రానికీ బ్రేకు చెక్కకూ మధ్య పాత బూటు ఇరికించడం చూశాడని చెబుతారు. బూటు బాగా పట్టేది, త్వరగా కాలేది. ఫ్రూడ్ 1897లో మొదలుపెట్టిన పని కొన్నేళ్ళకు ఆస్బెస్టాస్ లైనింగుల దాకా వచ్చింది. తన ఇంటిపేరు అక్షరాల్లో భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం కలిపి, అటూ ఇటూ మార్చి ‘ఫెరోడో’ అని కంపెనీకి పేరు పెట్టుకున్నాడు. ఆస్బెస్టాస్ వేడికి చెక్కుచెదరలేదు. కానీ దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి క్యాన్సర్ తెస్తుందని తేలాక చాలా దేశాలు బ్రేకుల్లోంచి దాన్ని తీసేశాయి. అయినా ఏ బ్రేకు దుమ్మునీ నోటితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి.

ఈలోగా రాజ్యం డ్రమ్ము బ్రేకుది. మన అంబాసిడర్ కూడా దశాబ్దాల పాటు నాలుగు చక్రాలకూ డ్రమ్ములతోనే తిరిగింది. డ్రమ్ములో ఒక సుగుణం ఉంది. తిరిగే డ్రమ్మే, తనను లోపలి నుంచి ఒత్తే షూని ఇంకాస్త లాక్కుని, తొక్కిన బలాన్ని పెంచుతుంది. అవగుణం వేడెక్కితే బయటపడుతుంది. డ్రమ్ము వ్యాకోచించి షూకి దూరం జరుగుతుంది, పెడల్ లోపలికి దిగిపోతూనే ఉంటుంది. డిస్కు వేడెక్కి లావెక్కినా ప్యాడు వైపే వస్తుంది. కాకపోతే దానికి సొంత సాయం లేదు, గట్టిగా నొక్కాలి.

గట్టిగా నొక్కే దారి చూపింది పదిహేడో శతాబ్దపు పాస్కల్ సూత్రమే. మూసిన గొట్టంలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ పీడనం అన్ని చోట్లకూ సమానంగా అందుతుంది. దాన్ని కారు బ్రేకులకు తెచ్చిన అమెరికన్ మాల్కమ్ లాక్‌హీడ్, విమానాల లాక్‌హీడ్ కంపెనీలో పేరున్న ఆలన్‌కు అన్న. 1921 డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాలకూ ద్రవం బ్రేకులు వచ్చాయి. మొదట్లో పచ్చితోలు సీళ్ళు కారుతూ ఉంటే, క్రైస్లర్ ఇంజనీర్లు రబ్బరు పెట్టి 1924లో దారికి తెచ్చారు.

ఇక రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాలు డిస్కుకు మళ్ళీ ప్రాణం పోశాయి. రన్‌వే మీద అంత బరువును ఆపాలంటే వేడిని తట్టుకునే బ్రేకు కావాలి మరి. 1949లో అమెరికాలో క్రాస్లీ అనే చిన్న కారుకు డిస్కులు బిగించారు. రోడ్ల మీది ఉప్పుకు, మురికికి అవి బిగుసుకుపోయి కంపెనీ మళ్ళీ డ్రమ్ములకే వెళ్ళింది.

అసలు తీర్పు 1953 జూన్‌లో, ఫ్రాన్సులోని లే మాన్ 24 గంటల పందెంలో వచ్చింది. అక్కడ దాదాపు ఆరు కిలోమీటర్ల తిన్నని దారి చివర ఒక్కసారిగా మలుపు. జాగ్వార్ సి-టైప్ కార్లకు డన్‌లప్ డిస్కులున్నాయి. డ్రమ్ముల వాళ్ళు ముందే కాలు తీసి, రాత్రంతా బ్రేకుల్ని కాపాడుకుంటూ నడపాల్సి వచ్చింది. జాగ్వార్ వాళ్ళు మలుపు మీదికి వచ్చాక తొక్కారు, ప్రతి రౌండులోనూ. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన కారు గెలిచింది. ఆ పందెంలో సగటు వేగం గంటకు వంద మైళ్ళు దాటడం అదే మొదటిసారి. రెండేళ్ళకు పారిస్ ప్రదర్శనలో సిట్రోయెన్ డిఎస్ ముందు చక్రాలకు డిస్కులతో వచ్చింది. మొదటి రోజే దాదాపు 12 వేల ఆర్డర్లు. అన్నీ బ్రేకుల కోసమే కాదు లెండి, ఆ కారు అందం అలాంటిది.

చక్రం విప్పి చూసినప్పుడు నన్ను ఎక్కువ మురిపించింది, ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లోని ఒక రబ్బరు ఉంగరం. పిస్టన్ చుట్టూ బిగుతుగా ఉంటుంది. పెడల్ తొక్కితే పిస్టన్‌తో పాటు మెలిపడుతుంది, వదిలితే తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ప్యాడు అరిగితే పిస్టన్ ఆ ఉంగరంలోంచి కాస్త ముందుకు జారి అక్కడే ఆగుతుంది. స్ప్రింగు లేదు, ఎడ్జస్ట్‌మెంటు లేదు.

హోస్ పైపుది వేరే బాధ. చక్రం ఎగురుతుంది, తిరుగుతుంది కాబట్టి చివరి మూర రబ్బరు కావాలి. పాతబడితే పైకి బాగానే కనిపిస్తూ లోపల పొర ఉబ్బుతుంది. నూనె వెళ్తుంది గానీ తిరిగి రాదు, చక్రం పట్టేసుకుంటుంది. నాకు కొన్నాళ్ళు ఎడమ చక్రం కాలుతూ ఉన్నది ఇందుకే. కాలిపర్ విప్పాక దాన్ని హోస్‌కు వేలాడదీయకండి, తీగతో కట్టండి. కొత్త హోస్‌కు కొత్త రాగి వాషర్లు వెయ్యండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టినదానికి ఆ హద్దు 155. ఘాట్‌లో అది మరిగితే ఆవిరి నలిగిపోతుంది, పెడల్ మెత్తబడుతుంది. రెండేళ్ళకోసారి మార్చడం మంచిది.

కారును జాకీ మీద మాత్రమే నిలబెట్టి పని చెయ్యకండి, స్టాండ్లు పెట్టండి. కొత్త డిస్కు మీది నూనె పూత తుడవండి. బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసి, చక్రాలు బిగించాక ఇంజను స్టార్టు చేసే ముందు పెడల్ గట్టిపడే దాకా నాలుగైదు సార్లు తొక్కండి. కొత్త ప్యాడ్లు పట్టేందుకు వెనక్కి నెట్టిన పిస్టన్లు అప్పటికింకా డిస్కుకు దూరంగానే ఉంటాయి. మొదటి తొక్కుకు బండి ఆగదు.