నలుపు పక్కన నలుపు

ఐబీఎం 1981 ఆగస్టులో బయటికి తెచ్చిన పర్సనల్ కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె సామర్థ్యం 63.5 వాట్లు. మన ఇళ్లలో వెలిగిన 60 క్యాండిల్ బల్బు కన్నా ఓ పిసరు ఎక్కువ, అంతే. మన మెకానిక్కులు ఎస్‌ఎంపీఎస్ అనే ఆ పెట్టె నుంచి మదర్‌బోర్డుకు రెండు ప్లగ్గులు వచ్చేవి. వాటి పేర్లు పీ8, పీ9. ఆరేసి వైర్లు, ఒకే రూపు, పక్కపక్కనే కూర్చోవాలి.

చిక్కల్లా, తారుమారు చేసినా హాయిగా కూర్చునేవి. అప్పుడు గ్రౌండ్ ఉండాల్సిన పిన్నుల్లోకి 5 వోల్టులు దూరేవి. స్విచ్ వేయగానే బోర్డు ఖర్చు రాసుకోవాల్సిందే. అందుకే కంప్యూటర్ బిగించడం నేర్చుకునేవాడికి మొదట చెప్పే పాఠం ఒకటే: నలుపు పక్కన నలుపు. రెండు ప్లగ్గుల నల్ల (గ్రౌండ్) వైర్లూ నడుమ కలవాలి. ఇంటి తలుపుకు ఇలాంటి తాళం పెడితే ఊరుకుంటామా? కంప్యూటర్ లోకం మాత్రం దీన్ని పద్నాలుగేళ్లకు పైగా భరించింది.

డిస్కు డ్రైవులది వేరే కథ. వాటికి నాలుగు వైర్ల ప్లగ్గు. పసుపు వైరులో మోటారు తిప్పే 12 వోల్టులు, ఎరుపులో సర్క్యూట్లకు 5 వోల్టులు, మధ్య రెండూ నలుపు. అసలు రూపకల్పన ఏఎంపీ అనే కంపెనీది, జనం నోట మాత్రం ఇది మోలెక్స్. తిరగేసి పెట్టకుండా రెండు మూలలు చెక్కారు. లోపలి పిన్నులు వదులుగా ఊగుతూ ఒక పట్టాన సూటిగా వెళ్లవు. ఓ పది మిషన్లు బిగించిన ఎవరి బొటనవేలినైనా అడగండి, చెబుతుంది.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే పద్ధతి తెచ్చింది. రెండు ప్లగ్గులు పోయి 20 పిన్నుల ఒక్క ప్లగ్గు వచ్చింది. గడుల్లో కొన్ని చదరం, కొన్నిటికి మూలలు కోసి ఉంటాయి, కాబట్టి ఒక్క తీరుగానే కూర్చుంటుంది. కుడి ఎడమల గొడవ కంటికి వదిలేయకుండా ప్లాస్టిక్‌కు అప్పగించారన్నమాట. కంప్యూటర్ ఆగి ఉన్నా ఊదా వైరులో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. ఆకుపచ్చ వైరును నలుపుతో కలిపితే పెట్టె మేల్కొంటుంది. ఎస్‌ఎంపీఎస్ బతికుందో లేదో చూడడానికి మెకానిక్కులు ఆ రెండు రంధ్రాల్లో వంచిన జెమ్ క్లిప్పు గుచ్చేది ఇందుకే.

2000లో పెంటియమ్ 4 వచ్చాక ప్రాసెసర్ ఆకలి పెరిగింది. అదివరకు దాని తిండి ఎక్కువగా 5 వోల్టుల వైర్ల నుంచే వెళ్లేది. అదే శక్తిని 12 వోల్టుల దగ్గర పంపితే కరెంటు సగానికన్నా తగ్గుతుంది. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, వేడి దాదాపు ఆరో వంతుకు దిగుతుంది. అందుకని ప్రాసెసర్ పక్కనే రెండు పసుపు, రెండు నలుపు వైర్లతో ఓ చిన్న ప్లగ్గు పుట్టింది. ఇప్పుడది నాలుగూ నాలుగుగా విడిపోయే ఎనిమిది పిన్నులది.

గ్రాఫిక్స్ కార్డు వంతు వచ్చేసరికి మళ్లీ కవలలు పుట్టారు. కార్డు కూర్చునే గాడి ఇవ్వగలిగింది 75 వాట్లే. మిగతాది ఆరు పిన్నుల ప్లగ్గుతో మరో 75, ఎనిమిది పిన్నులదైతే 150. ఈ ఎనిమిది పిన్నులది ప్రాసెసర్ ప్లగ్గుకు అచ్చు తోబుట్టువు. కానీ ప్రాసెసర్‌దాంట్లో పసుపు నాలుగు, నలుపు నాలుగు; కార్డుదాంట్లో పసుపు మూడు, నలుపు అయిదు, పైగా వరసలు అటూఇటూ. గడుల ఆకారం వేరు కాబట్టి మామూలుగా ఒకటి ఇంకోదాంట్లో దూరదు. దూరేదాకా నొక్కే మహానుభావులుంటారు, 12 వోల్టులు నేరుగా గ్రౌండ్‌కు కలుస్తాయి. విడిపోయే తీరు చూస్తే గుర్తుపట్టొచ్చు: కార్డుది ఆరూ రెండు.

ఇన్ని జాగ్రత్తలూ ఒక కొసకే. కేబుళ్లు విడదీసే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌లలో, పెట్టె వైపు కొసకు ఉమ్మడి ప్రమాణమేదీ లేదు. ఆకారం ఒకటే, వైరింగు ఎవరిది వారిది. పాత కేబుల్ నిక్షేపంలా ఉంది కదా అని కొత్త పెట్టెకు తగిలించి, 5 వోల్టుల దారిలో 12 పంపి, హార్డ్ డిస్కు చంపుకున్నవాణ్ని నేను. పెట్టె మారిస్తే దాని కేబుళ్లే వాడాలని ఆ రోజు అర్థమైంది.

2022లో గ్రాఫిక్స్ కార్డుల కోసం చిన్న 16 పిన్నుల ప్లగ్గొకటి 600 వాట్ల హామీతో వచ్చింది. 12 వోల్టుల దగ్గర అది 50 ఆంపియర్లు. ఆరు జతల పిన్నులు పంచుకుంటే ఒక్కోదానికి ఎనిమిదికి పైగా. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల్లో కొన్నిటి ప్లగ్గులు కరిగాయి. పూర్తిగా కూర్చోకపోవడం ఒక ముఖ్య కారణమని తేలింది. 2023లో సరిచేశారు: కబురు చెప్పే నాలుగు చిన్న పిన్నులను పొట్టివి చేశారు. ప్లగ్గు అడుగంటా దిగితేనే అవి తగులుతాయి, తగిలితేనే కార్డు కరెంటు లాగుతుంది.

అయినా 2025లో వచ్చిన కొత్త కార్డుల్లోనూ కొన్ని కరిగాయి. చాలా కార్డులు ఆరు పసుపు పిన్నులనూ లోపలికి రాగానే ఒకటిగా కలిపేస్తాయి. ఒక వైరు మిగతావాటి బరువు కూడా మోస్తూ కాలుతున్నా, కార్డుకు కనిపించేది మొత్తం లెక్కే.