పట్టా ఒక్కటే, రికార్డులు నాలుగు: డేటాబేస్ రెప్లికేషన్ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ముంచుతుంది?

భిలాయ్ ఉక్కు కర్మాగారంలోని యూనివర్సల్ రైల్ మిల్లులో 130 మీటర్ల పొడవైన రైలు పట్టాలు తయారవుతాయి. రెండింటిని అతికితే 260 మీటర్ల ప్యానెల్ అవుతుంది. మీటరుకు 60 కిలోల చొప్పున లెక్కేసినా బరువు 15 టన్నులు దాటుతుంది. పట్టా మీద హీట్ నంబరు ఉంటుంది. ఏ విడతలో కరిగించిన ఉక్కుతో దాన్ని చేశారో ఆ నంబరు చెబుతుంది. ఏళ్ల తర్వాత ఎక్కడో ఓ పట్టా విరిగితే, అదే విడతలో తయారైన మిగతా పట్టాలు ఏ లైన్లో ఉన్నాయో వెతకడానికి ఆధారం ఇదే.

అయితే ఇంత పెద్ద కర్మాగారంలో ఒక హీట్ గురించిన సమాచారమంతా ఒకే కంప్యూటర్లో ఉండదు. కొలిమి దగ్గర ఒక వ్యవస్థ, ల్యాబ్‌లో ఒకటి, మిల్లులో ఉత్పత్తిని చూసేది ఇంకొకటి. ఆర్డర్లు, బిల్లులు, రవాణా చూసే ఈఆర్‌పీ వీటన్నిటికీ పైన ఉంటుంది. ఆటోమేషన్ ఇంజినీర్లు వీటిని లెవెల్ 1 నుంచి లెవెల్ 4 దాకా అంతస్తులుగా చెబుతారు.

నలుగురికీ అదే సమాచారం కావాలి కాబట్టి, ఒకచోట మారిన డేటాను మిగతా చోట్లకు దానంతటదే కాపీ అయ్యేలా చేస్తే పోలేదా? డేటాబేస్ రెప్లికేషన్ అంటే అదే. వినడానికి తేలికైన పరిష్కారం. చాలా సంస్థలు తొందరపడేదీ ఇక్కడే.

రెండు నిమిషాల తేడా

ఒక హీట్‌కు ల్యాబ్ ముందు 'పాస్' ఇచ్చి, మళ్లీ పరీక్షించి 'ఆపండి' అని మార్చిందనుకుందాం. డిస్పాచ్ విభాగం చూస్తున్న కాపీకి ఆ మార్పు రెండు నిమిషాలు ఆలస్యంగా చేరింది. ఈలోగా లోడింగ్‌కు అనుమతి వెళ్లిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా లోపం లేదు. అసింక్రనస్ రెప్లికేషన్ పనిచేసే తీరే అంత. ముందు అసలు చోట రాస్తుంది, తర్వాత వీలు చూసుకుని కాపీలకు పంపుతుంది.

అలాకాకుండా, అన్ని చోట్లా రాశాకే పని పూర్తయినట్టు లెక్క అనుకుంటే అది సింక్రనస్. ఒకే ఆవరణలో ఇది బాగానే నడుస్తుంది. భిలాయ్ నుంచి సెయిల్ ప్రధాన కార్యాలయం ఉన్న దిల్లీకి గీత గీసినట్టు కొలిచినా సుమారు 900 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే రానుపోను కనీసం 9 మిల్లీసెకన్లు. ఒక్క నమోదుకైతే ఇదేమంత లెక్కలోది కాదు. కానీ ఒకదాని వెనక ఒకటిగా వేల నమోదులు ఆగి వెళ్లాలంటే క్యూ కడతాయి.

అసలు చిక్కు లైన్ తెగినప్పుడు వస్తుంది. అవతలివైపు పలకకపోతే ఆగాలా, సాగాలా? ఆగితే పని నిలిచిపోతుంది. సాగితే రెండు వైపులా రెండు నిజాలు తయారవుతాయి. రెండూ కావాలంటే కుదరదని ఎరిక్ బ్రూవర్ 2000లో ప్రతిపాదించారు. 2002లో గిల్బర్ట్, లించ్ గణితపరంగా నిరూపించారు. బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర మాత్రం ఈ ప్రశ్నకు జవాబు ముందే ఖరారై ఉంటుంది. దిల్లీ లైన్ కోసం కొలిమి ఆగదు.

43 సెకన్లకు 24 గంటలు

2018 అక్టోబర్ 21న గిట్‌హబ్‌లో నెట్‌వర్క్ సంబంధం 43 సెకన్లు తెగింది. ఆ కాస్త వ్యవధిలోనే వ్యవస్థ మరో తీరంలోని డేటాబేస్‌ను ప్రధానమైనదిగా ఎంచుకుంది. లైన్ తిరిగొచ్చేసరికి రెండు వైపులా ఎదుటివారి దగ్గర లేని నమోదులున్నాయి. వాటిని సరిచేసి మామూలు స్థితికి రావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. డేటా పోకూడదని వాళ్లు కావాలనే నిదానంగా వెళ్లారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయమే.

రెప్లికేషన్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకనే వాళ్లూ ఉన్నారు. పొరపాటున ఒక పట్టికను చెరిపేస్తే ఆ చెరిపివేత కూడా అంతే విధేయంగా కాపీ అవుతుంది.

మరి ఎప్పుడు వాడాలి?

నెలవారీ ఉత్పత్తి, నిల్వలు, అమ్మకాల నివేదికలకు నిక్షేపంగా వాడొచ్చు. భిలాయ్, బొకారో, రౌర్కెలా, దుర్గాపూర్, బర్న్‌పూర్ లాంటి ఐదు కర్మాగారాల లెక్కలు ఒకచోట చూడాలంటే, నడుస్తున్న వ్యవస్థలపై భారం వేయకుండా కాపీ మీద చూడటమే మేలు. పది నిమిషాలు పాతదైనా నష్టం లేదు. విపత్తు వేళ ఆదుకునే రెండో డేటా సెంటర్‌కూ ఇది తప్పనిసరి.

పట్టాను వ్యాగన్‌కు ఎక్కించాలా వద్దా అనే దగ్గర మాత్రం కాపీని నమ్మకూడదు. ఆ క్షణంలో ల్యాబ్ వ్యవస్థనే నేరుగా అడగాలి. అది పలకకపోతే లోడింగ్ ఆగాలి. వ్యాగన్ గంటసేపు నిలబడితే పోయేది డెమరేజ్ చార్జీలే.

ఇంకొకటి. ఒక సమాచారాన్ని రాసే హక్కు ఒక్క వ్యవస్థకే ఉండాలి. హీట్ ఫలితం ల్యాబ్‌ది, బిల్లు ఈఆర్‌పీది. రెండు చోట్లా మార్చనిచ్చి 'చివరగా రాసిందే చెల్లుతుంది' అని నియమం పెడితే, రెండు సర్వర్ల గడియారాల్లో ఏది ముందుంటే దాని మాటే చెల్లుతుంది. కాపీ నుంచి తీసిన ప్రతి నివేదిక పైన అది ఏ సమయం నాటి డేటానో ముద్రించాలి. ఆలస్యం పరిమితి దాటితే డ్యూటీలో ఉన్నవారికి అలారం మోగాలి. కొనుగోలు టెండర్‌లో ఈ రెండూ లేకపోతే, సంతకం పెట్టేముందే అడగాలి.