పెదవి గీత దాటితే

పెదవికి ఫిల్లర్ వేయించుకున్న కొన్ని నెలలకు కొందరికి పైపెదవి మీద, మీసకట్టు ఉండే చోట, సన్నగా ఉబ్బు తేలుతుంది. ఎదురుగా చూస్తే వాపులా ఉంటుంది. పక్కనుంచి చూస్తే ముక్కు కింది చర్మం ముందుకు తోసుకొచ్చినట్టు తెలిసిపోతుంది. లిప్‌స్టిక్ ఎక్కడ ఆపాలో అర్థం కాదు. వేయించుకున్న అమ్మాయి వేసిన చోటికే వెళ్లి అడిగితే ముందుగా ఎదురయ్యేవి ఎదురు ప్రశ్నలే: నొక్కారా, బోర్లా పడుకున్నారా, స్ట్రాతో ఏమైనా తాగారా? డబ్బు పెట్టిందీ ఆమే, సూది నొప్పి ఓర్చుకుందీ ఆమే, చివరికి నింద మోసేదీ ఆమే. కానీ తెలిసిన వైద్యాన్ని కొంచెం నిదానంగా చూస్తే లెక్క ఇలా తేలదు. ఫిల్లర్ పక్కకు పాకడం చాలావరకు ఇంటికొచ్చాక జరిగే పొరపాటు కాదు. ఎంత వేశారు, ఏ పొరలో వేశారు, పాతది లోపల ఉండగానే మళ్లీ ఎప్పుడు వేశారు అన్న దగ్గరే అది తేలిపోతుంది. హైదరాబాద్‌కు దూరంగా ఉన్న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్ల విషయంలో దీనికి ఇంకొకటి కలపాలి. సూది వేసిన మనిషి దగ్గరకు మళ్లీ ఎంత త్వరగా చేరుకోగలం అన్నది. జాగ్రత్తల చిట్టాలన్నీ ఈ నాలుగింటి తర్వాతే.

గద్వాల చీర తెలిసిన వాళ్లకు పెదవి నిర్మాణం చెప్పడం తేలిక. ఒడలు నూలు, అంచు పట్టు. రెండింటి పోగులూ ఒకదానిలో ఒకటి చిక్కేలా కలిపి నేస్తారు, ఆ కలయిక గీత చెదిరితే చీర విలువే పోతుంది. పెదవిలోనూ ఎర్రటి భాగం ఒక రకం పొర, దాని పైనున్న చర్మం మరో రకం. రెండూ కలిసే చోట వెలుగు పడితే మెరిసే సన్నటి గట్టు ఉంటుంది. వైద్యులు దాన్ని వెర్మిలియన్ బోర్డర్ అంటారు. లోపల నోటి చుట్టూ తిరిగే కండరం ఉంది. మాట్లాడినా, నమిలినా, ముద్దు పెట్టినా అది పిండుతూనే ఉంటుంది. ఈ ఇరుకు చోటులోకి పంపేది హైలురోనిక్ ఆమ్లపు జెల్. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిలోని ద్రవం నుంచి వేరు చేసిన పదార్థం ఇది, మన ఒంట్లోనూ ఉంటుంది. సహజంగా చర్మంలో ఉండేది ఒకటి రెండు రోజుల్లోనే విరిగిపోతుంది కాబట్టి, ఫిల్లర్‌లో వాడేదాన్ని బీడీడీఈ అనే రసాయనంతో గొలుసులుగా కట్టి నిలిచేలా చేస్తారు. ఎంత కట్టినా అది జెల్లే. ఒత్తిడి ఎటు తక్కువగా ఉంటే అటు పోతుంది. పైపెదవిలో చోటు నిండిపోయాక దానికి దొరికే దారి గీత దాటి పైకి పోవడమే.

అందుకే మొదటి ప్రశ్న మోతాదు. ఒక సిరంజిలో సాధారణంగా ఉండేది 1 ఎంఎల్, అంటే టీస్పూన్‌లో అయిదో వంతు. వినడానికి చుక్కంత, పెదవికి మాత్రం తక్కువేమీ కాదు. సన్నటి పెదవులున్న వాళ్లకు మొదటిసారి అందులో సగమే ఎక్కువ కావచ్చు. ఇక్కడ వైద్యం కంటే బేరం ఎక్కువ పనిచేస్తుంది. సిరంజి మొత్తానికి డబ్బు కట్టాం, మిగిలింది ఇంకొకరికి వాడకూడదు, పారేయడానికి మనసొప్పదు. "ఉన్నదంతా వేసేయండి మేడమ్" అనేది కూర్చున్న అమ్మాయే కావచ్చు, వద్దని చెప్పాల్సింది సూది పట్టుకున్న వాళ్లు. అర ఎంఎల్ సిరంజీలు కొన్ని కంపెనీలు అమ్ముతున్నాయి, అడిగితే తెప్పిస్తారు కూడా. మోతాదు తగ్గితే అమ్మకం తగ్గుతుంది కాబట్టి తక్కువ వేస్తామని బోర్డు పెట్టే క్లినిక్కులు అరుదు, ఎక్కువ వేస్తామని పెట్టేవే ఎక్కువ.

రెండో ప్రశ్న, ఫిల్లర్‌ను ఏ పని అడుగుతున్నాం అన్నది. ఫిల్లర్ పెదవికి మందం ఇవ్వగలదు, కాస్త ముందుకు తేగలదు, ఎండి ముడుచుకున్న గీతలను సాఫు చేయగలదు. ఎత్తు మాత్రం ఒక హద్దు వరకే ఇస్తుంది. ముక్కుకూ పెదవికీ మధ్య దూరం ఎక్కువగా ఉన్న ముఖంలో పైపెదవి పొడుగ్గా కనిపించాలని మందు మీద మందు వేస్తే, ఎర్రటి భాగం పెరగదు, గీత పైన చర్మం ఉబ్బుతుంది. ఆ కోరిక తీర్చేది సూది కాదు, లిప్ లిఫ్ట్ అనే శస్త్రచికిత్స. అది వేరే నిర్ణయం, మచ్చతో కూడిన నిర్ణయం. పద్ధతి మాటకొస్తే, గీత పైనున్న చర్మంలోంచి సూదిని కిందికి దింపుతూ నిలువు గీతలుగా వేసే తీరు సోషల్ మీడియాలో 'రష్యన్ లిప్స్' పేరుతో బాగా తిరుగుతోంది. చెయ్యి తిరిగిన వాళ్లు దాన్ని బాగానే చేస్తారు. అయితే సూది వెనక్కి తీసిన దారే జెల్‌కు పైకి వచ్చే దారి అయ్యే ప్రమాదం ఆ పద్ధతిలో ఉంది. కండరంలో లోతుగా పడిన జెల్‌ను రోజంతా కండరమే తోస్తుంది. గీతకు పదును తేవడానికి గీత వెంటే ఎక్కువ వేస్తే, చెరిగిపోయేది మొదట ఆ గీతే.

ఫిల్లర్ పాకుతుందంటే తరచూ వినిపించే సమాధానం, ఆరు నెలల్లో అదే కరిగిపోతుంది కదా అని. ఫిల్లర్ గురించిన నమ్మకాల్లో ఎక్కువ చేటు చేసింది ఇదే అనుకుంటాను. ఆరు నెలలకోసారి, తొమ్మిది నెలలకోసారి టచప్ అనే అలవాటంతా దీని మీదే నిలబడింది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు చెందిన రేడియాలజిస్టు మోబిన్ మాస్టర్ బృందం 2024లో ప్రచురించిన పరిశీలనలో, ముఖం మధ్య భాగంలో ఫిల్లర్ వేయించుకొని కనీసం రెండేళ్లుగా మళ్లీ వేయించుకోని 33 మంది ఎంఆర్ఐలు చూశారు. అందరిలోనూ మందు కనిపించింది. రెండేళ్ల నాటిదీ ఉంది, అంతకంటే చాలా పాతదీ ఉంది. ఇది పెదవి మీద చేసిన లెక్క కాదు, పైగా ఆ 33 మంది మామూలు జనానికి నమూనా అని కూడా అనలేం. పెదవి ఎక్కువగా కదులుతుంది, అక్కడ జెల్ త్వరగా విరగవచ్చు. అయినా ఒక్క విషయం మాత్రం ఈ చిత్రాలు ఖాయంగా చెప్పాయి: కంటికి తగ్గినట్టు కనిపించడం, లోపల లేకపోవడం ఒకటి కాదు. అద్దంలో పెదవి పలచబడిందని టచప్‌కు వెళ్లే అమ్మాయిలో తగ్గింది మొదటి వాపు కావచ్చు, కళ్లు కొత్త పెదవికి అలవాటుపడటం కావచ్చు. దాని మీద మళ్లీ వేస్తే నిండిన చోట పోసినట్టే. కాబట్టి క్యాలెండర్ చూసి కాదు, చేత్తో నొక్కి చూసి, అవసరమైతే చర్మానికి వాడే అల్ట్రాసౌండ్‌తో చూసి తేల్చుకోవాల్సిన పని ఇది.

మరి ఇంట్లో జాగ్రత్తలకు విలువే లేదా? ఉంది, కాకపోతే దాని కొలత చిన్నది. మొదటి రెండు రోజులు గట్టిగా నొక్కకపోవడం, వైద్యులు చెప్తే తప్ప మర్దన చేయకపోవడం, రెండు మూడు వారాలు పళ్ల వైద్యం వాయిదా వేయడం మంచిదే. మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది: అప్పర్ లిప్ థ్రెడింగ్. పార్లర్‌లో చర్మాన్ని నాలుకతో ఉబ్బించి, వేళ్లతో లాగి పట్టి, దారంతో పీకే పని సరిగ్గా ఆ గీత మీదే జరుగుతుంది. ఫేషియల్ మర్దనా అంతే. ఫిల్లర్ వేసిన రెండు వారాల దాకా ఈ రెండూ మానుకోవాలి, వేయించుకున్నామని పార్లర్ అమ్మాయికి చెప్పాలి. సిగ్గుపడి దాచే సంగతి కాదిది. అయితే తక్కువ మోతాదులో సరైన పొరలో పడిన జెల్, ఒక రాత్రి బోర్లా పడుకున్నంత మాత్రాన మీసకట్టు మీదికి ఎక్కదు. స్ట్రా మీద నెపం వేసేవాళ్లు ముందు సిరంజి లెక్క చెప్పాలి. మొదటి వారంలో కనిపించేది చాలావరకు వాపే కాబట్టి, రెండు వారాలు గడవకుండా పాకిందనీ, బాగుందనీ ఎవరూ తీర్పు చెప్పకూడదు, వేసినవాళ్లు కూడా.

మంచి కంపెనీ మందు పాకదని మరో వాదన. పెదవికి పనికొచ్చే మెత్తటి జెల్లు, దవడకు వాడే గట్టి జెల్లు వేరు అన్నది నిజమే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో రెస్టిలేన్ అనే జెల్‌కు పెదవుల కోసం అనుమతి ఇచ్చింది, అది కూడా 21 ఏళ్లు పైబడిన వాళ్లకు. కానీ మంచి జెల్‌ను రెట్టింపు మోతాదులో తప్పు పొరలో వేస్తే పేరు చూసి ఆగదు. పెట్టె మీద పేరు కంటే పెట్టె మన ముందు తెరిచారా, బ్యాచ్ నంబరు అతికించిన కాగితం చేతికిచ్చారా అన్నది ముఖ్యం. ఏం వేశారో తెలియకపోతే తర్వాత దాన్ని తీసే వైద్యుడు చీకట్లో తడుముకుంటాడు. సూది లేకుండా గాలి ఒత్తిడితో జెల్‌ను చర్మంలోకి కొట్టే హైలురాన్ పెన్నుల సంగతి ఇంకా ఘోరం. వాటిని పెదవులకు వాడొద్దని ఎఫ్‌డీఏ 2021 అక్టోబరులో హెచ్చరించింది. జెల్ ఎక్కడ పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ద్రవ సిలికాన్ అయితే కరిగించే మందే లేదు, పాకితే కోసి తీయడమే దిక్కు.

పాకితే కరిగించేస్తాం అనే ధీమా మూడో వాదన. హైలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఈ జెల్‌ను కరిగిస్తుంది, నిజమే. ఫిల్లర్లలో ఈ రకాన్నే ఎంచుకోమనడానికి అదొక కారణం. కానీ ఆ సూది కూడా వాపు తెస్తుంది, కొందరికి అలర్జీ వస్తుంది, తేనెటీగ కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు వచ్చినవాళ్లు ముందే చెప్పుకోవాలి. ఒకసారితో అన్నిసార్లూ పని కాదు. 2025 జులైలో సోషల్ మీడియా తార ఉర్ఫీ జావేద్ తన పెదవుల ఫిల్లర్ కరిగించుకుంటూ, ముఖం ఉబ్బిపోయిన వీడియోను దాచకుండా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. 18వ ఏటనే మొదలుపెట్టాననీ, అవి సరైన చోట పడలేదనీ, మంచి వైద్యుల దగ్గరికే వెళ్లమనీ చెప్పారు. ఫిల్లర్లు చెడ్డవని మాత్రం అనలేదు. ఆ నిజాయితీ వంద ప్రకటనల కంటే పనికొస్తుంది.

ఇక దూరం. నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాద్ 130 కిలోమీటర్లకు అటూ ఇటూ, వనపర్తి నుంచి 150, గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తా మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పట్టి పోతే 190 దాకా. ఫిల్లర్ వేయడం అరగంట పని, పొద్దున పోయి రాత్రికి రావచ్చు. అందుకే అది ఒక్కరోజు పనిలా కనిపిస్తుంది. అసలు పని మాత్రం రెండు వారాల తర్వాతి చూపుతో, అవసరమైతే మూడు నెలల తర్వాతి చూపుతో గాని పూర్తికాదు. ఆ బస్సు ఛార్జీ, ఆ సెలవు దండగనిపించి చాలామంది మళ్లీ వెళ్లరు. ఒక్కసారికే పనైపోవాలని వేసేవాళ్లూ, వేయించుకునేవాళ్లూ మోతాదు పెంచేది ఇక్కడే. సగం వేసి, మిగతా సగం సంగతి నెల తర్వాత చూద్దామనే పద్ధతి పాకడాన్ని తగ్గించే గట్టి ఉపాయం. రెండోసారి రాలేని మనిషికి అది అందదు. అరుదుగానైనా జెల్ రక్తనాళంలో అడ్డుపడితే పెదవి తెల్లబడి, తట్టుకోలేని నొప్పి వస్తుంది. అప్పుడు హైలురోనిడేజ్ గంటల్లో పడాలి. వాపు మందు వేసుకొని పడుకోమని ఫోన్లో చెప్పించుకునే సమయం కాదది. గద్వాల వాళ్లకు ఈ లెక్కన హైదరాబాద్ కంటే కర్నూలు, రాయచూరు దగ్గర. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022లో, గద్వాలలో 2024లో మొదలయ్యాయి. అందం కోసం ఫిల్లర్ అక్కడ వేయమని అడగడం భావ్యం కాదు. కానీ వెళ్లేముందు ఒక చర్మవైద్యుల మాట వినడానికి, వెళ్లొచ్చాక తేడా కనిపిస్తే ముందు చూపించుకోవడానికి ఇప్పుడు వంద కిలోమీటర్లు పోనక్కర్లేదు.

ఎవరి దగ్గర వేయించుకోవాలన్నది కూడా దీంతోనే ముడిపడి ఉంది. చర్మవ్యాధుల్లో ఎండీ, లేదా ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ చేసి, తెలంగాణ వైద్య మండలిలో నమోదైన వాళ్లా అని చూడాలి. 'కాస్మెటాలజిస్ట్' అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన అది వైద్య స్పెషాలిటీ అయిపోదు. జుట్టు మార్పిడి, అందం కోసం చేసే చికిత్సల గురించి జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇస్తూ, వర్క్‌షాపులో చూసో యూట్యూబ్‌లో చూసో నేర్చుకున్నది శిక్షణ కిందకు రాదని తేల్చి చెప్పింది. అనుభవం ఉన్న వైద్యుల చేతిలోనూ ఫిల్లర్ పాకుతుందని ఎవరైనా అంటే ఒప్పుకోవాల్సిందే. తేడా ఏమిటంటే వాళ్లు పాకిందని గుర్తుపడతారు, దాని మీద ఇంకో సిరంజి వేయరు.

కరువు, వలసల గురించి మాట్లాడాల్సిన జిల్లాల్లో పెదవుల ఫిల్లర్ గొడవేమిటని కొందరికి అనిపించవచ్చు. ఫోన్ అందరి చేతిలో ఉన్నాక కోరిక ఊరు చూసి రాదు. నటి శ్రుతి హాసన్ ప్లాస్టిక్ సర్జరీ చేయించుకున్నానని 2020లో బయటికే చెప్పారు. దాన్ని ప్రచారం చేయననీ, వ్యతిరేకించననీ అన్నారు. ఒకరి ముఖం మీద ఇంకొకరు తీర్పు చెప్పే హక్కు లేదు. సమాచారం అందకపోవడమే అసలు అన్యాయం, అది రాజధానికి దూరంగా ఉన్నవాళ్లకే ఎక్కువ జరుగుతుంది. మాఘంలో పెళ్లి పెట్టుకున్న అమ్మాయి వేయించుకోవాలనే అనుకుంటే దసరా నాటికే మొదటి చూపు అయిపోవాలి. అర ఎంఎల్‌తో మొదలుపెట్టి, నెల తర్వాత వెళ్లి చూపించుకొని, చాలనిపిస్తే అక్కడే ఆపాలి. ముందే పాత ఫిల్లర్ గీత దాటి ఉంటే దాని మీద కొత్తది వేయించుకోకూడదు. కరిగించుకొని, కనీసం రెండు వారాలు ఆగి, అప్పుడు అద్దంలో తన సొంత పెదవిని చూసుకొని మళ్లీ కావాలో వద్దో తేల్చుకోవాలి.