ఇంటర్వ్యూ మధ్యలో నెట్ ఆగకూడదంటే..

మడకశిరలో మీవాళ్లు కొత్త ఇల్లు కడుతున్నారా? గోడలకు ప్లాస్టరింగ్ కాకముందే ఓ మాట చెప్పండి. రేపు మీరు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇచ్చేది ఆ ఇంట్లోనే కదా! రూటర్‌ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, గోడను మళ్లీ పగలగొట్టలేం.

చదువుకునే గదికి కరెంటు వైర్లతో కలపకుండా విడిగా పైపు వేయించి, క్యాట్-6 కేబుల్ లాగించండి. 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగం అందుతుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగమైనదే గానీ, గోడలు దాటేసరికి నీరసిస్తుంది. కేబుల్‌లో అచ్చమైన రాగి తీగ ఉందో లేదో చూసి కొనండి. కరెంటు పోయినా నెట్ ఆగకుండా ఫైబర్ మోడెమ్‌కు, రూటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టండి.

ఆర్‌జే-45 కనెక్టర్ మాత్రం మీరే బిగించండి. నెట్‌వర్కింగ్ కొలువుల ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఇదీ ఓ అనుభవమే!